వియత్నాం ముంత

చైనా ఎక్కడ, పామర్రు ఎక్కడ అని నవ్వేవాళ్ళను చాలామందిని చూశాను. వాళ్ళతో నాకు పేచీ లేదు. పామర్రు సెంటర్లో కుట్టుమిషను పెట్టుకుని బతికినవాణ్ణి, నాకు తెలిసింది ఇంతే: ఎక్కడో ఒక పెద్ద దేశం పక్కకి ఒత్తిగిల్లితే మా దగ్గర ఒక మనిషికి నడుం విరిగింది. ఆ మనిషి పేరు ఏసుపాదం. పగలు పొలం కూలి, సాయంత్రాలు బుర్రకథ దళంలో వంత. ఆ దళం అంగరఖాలన్నీ కుట్టింది నేనే, నా పేరు వెంకటప్పయ్య.

బుర్రకథ ఎరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు గాని ఎరగనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మధ్యలో తంబురా భుజాన వేసుకుని చిందేసేవాడు కథకుడు. చెరో పక్కా గుమ్మెట్లు వాయిస్తూ నిలబడే ఇద్దరూ వంతలు. వాళ్ళలో ఒకడు నవ్విస్తాడు, అది హాస్యం. రెండోవాడు లోకం సంగతులు ఎత్తుతాడు, అది రాజకీయం. కథ ఏ రాజుదైనా కానివ్వండి, రాజకీయం చెప్పేవాడు చెయ్యెత్తి "అన్నా, నాదొక సందేహం" అన్నాడంటే కథకుడు ఆగి తీరాలి, సమాధానం చెప్పి తీరాలి. చెప్పాక వంతలిద్దరూ "తందాన తానా" అంటారు, కథ ముందుకి నడుస్తుంది. వంత పలక్కపోతే కథ లేదు. కథకుడు ఎంత మొనగాడైనా కాసేపు ఒంటరిగా గెంతి ఇంటికి పోవాల్సిందే. మా ఏసుపాదానిది రాజకీయం.

బక్కపల్చటి మనిషి. మామూలుగా మాట్లాడితే పక్కవాడికి వినపడేది కాదు. అంగరఖా తొడిగి తలపాగా చుట్టాడా, పామర్రు సెంటర్లో గొంతెత్తితే కాలువ అవతల గేదెలు తల తిప్పేవి. చర్చి బళ్ళో నేర్చిన నాలుగక్షరాలే చదువు. వాటితోనే బైబిలు చదివాడు, తర్వాత పార్టీ పత్రిక చదివాడు. రెంటినీ ఒకే గొంతుతో చదివేవాడు, ఒకే నమ్మకంతో కూడా. చిక్కల్లా అక్కడే వచ్చింది.

పార్టీ పేరు చెప్పను. బెజవాడలో అప్పటికే ఎర్రజెండాలు రకరకాలుగా ఉండేవి, ఒక్కొక్కరూ ఒక్కో దేశం వైపు తిరిగి దణ్ణం పెట్టేవాళ్ళు. ఏసుపాదాన్ని చేరదీసిన వర్గానికి చైనా అంటే గురి. చేరదీసిన మనిషి తిరుపతిరావు, దళంలో కథకుడు. పెద్ద రైతు కొడుకు. ఆస్తి వదులుకుని జెండా పట్టుకున్నాడు, చైనా యుద్ధం రోజుల్లో జైలుకి కూడా వెళ్ళొచ్చాడు. విడుదలై వచ్చిన ఏడే మా ఊరి బయట ఉన్న పల్లెకి వెళ్ళి, ఏసుపాదం ఇంటి అరుగు మీద కాదు, లోపల పొయ్యి పక్కన పీట మీద కూర్చుని, అతని భార్య సువార్తమ్మ వండిన చేపలపులుసు వేళ్ళు నాక్కుంటూ తిన్నాడు. తిన్న కంచం తనే కడిగి బోర్లించాడు. ఊళ్ళో రైతుబిడ్డ అలా చెయ్యడం ఆ పల్లె ఎన్నడూ ఎరగదు. పోయేటప్పుడు "వస్తా తమ్ముడూ" అన్నాడు. ఆ రోజు నుంచి తిరుపతిరావు సూర్యుడు పడమట పొడుస్తాడంటే ఏసుపాదం మంచం తెచ్చి పడమటి వైపు వేసుకునేవాడు.

డెబ్భై దాటిన రోజుల్లో దళం వియత్నాం కథ కట్టింది. అమెరికా బాంబులేస్తోంది, ఆ చిన్న దేశం తల వంచట్లేదు, వెనకాల చైనా బియ్యం, తుపాకులు, రోడ్లు వేసే మనుషుల్ని పంపుతోంది. ఆ మాటలన్నీ తిరుపతిరావు నేర్పినవే. వాటికి ఆట కట్టింది మాత్రం ఏసుపాదం. ఒకరోజు నా షాపుకొచ్చి, "వెంకటప్పయ్య గారూ, ఎర్ర దట్టీ ఒకటి కుట్టాలండీ, ఇద్దరి నడుములకి సరిపోవాలి" అన్నాడు. ఇద్దరి నడుములకి ఒకటే దట్టీ ఏంటయ్యా, ఎడ్లజతకా అన్నాను. నవ్వాడు. ఎర్రగుడ్డ తానులోంచి పొడుగ్గా చింపి, అంచులు మడిచి కుట్టిచ్చాను.

కథ మధ్యలో అతను దట్టీ ఒక కొస తన నడుముకి చుట్టుకుని, రెండో కొస హాస్యం చెప్పే ఇశ్రాయేలు నడుముకి బిగించేవాడు. "నేను పెద్దన్న చైనాని. వీడు తమ్ముడు వియత్నాం. వీణ్ణి లాగాలంటే నన్ను లాగాలి, నన్ను లాగాలంటే ఎనభై కోట్ల మందిని లాగాలి. లాగవయ్యా అమెరికా!" అని కథకుణ్ణి సవాలు చేసేవాడు. తిరుపతిరావు అమెరికా అయి ఇశ్రాయేలు చెయ్యి పట్టుకు గుంజేవాడు. ఇశ్రాయేలు కళ్ళు తేలేసి, నాలిక బయటపెట్టి, పడబోయి మళ్ళీ దట్టీ పట్టుకుని లేచేవాడు. జనం ఊగిపోయేవాళ్ళు. గుడివాడ నుంచి అవనిగడ్డ దాకా ఎక్కడికి వెళ్ళినా దట్టీ ముక్క మళ్ళీ చెయ్యమని అడిగేవాళ్ళు. మొదటి రోజు ఆట దిగాక తిరుపతిరావు అతన్ని కావలించుకుని, "తమ్ముడూ, ఇది లేకపోతే కథే లేదు" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను.

ఇక ముంత సంగతి. ఆ పల్లెలో ఆడవాళ్ళకి ఒక అలవాటు. అన్నానికి బియ్యం కొలిచేటప్పుడు ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన ముంతలో వేస్తారు, అది దేవుడి బియ్యం. ఆదివారం చర్చికి పట్టుకెళతారు. పస్తుకి దగ్గరగా ఉన్న రోజున కూడా ఆ పిడికెడు తియ్యకుండా పొయ్యి ముట్టించరు. వియత్నాం కథ విని వచ్చిన రోజున సువార్తమ్మ రెండో ముంత పెట్టింది. "బాంబుల కింద ఆ పిల్లలు ఏం తింటారయ్యా?" అందట మొగుడితో. మర్నాటికి పల్లె అంతా రెండు ముంతలయ్యాయి. పాస్టరు లాజరు గారు మొదట మొహం ముడుచుకున్నారు, దేవుడికి పోటీ పెట్టారని. తర్వాత ఆకలిగొన్నవానికి అన్నం పెట్టమని ఆయన వాక్యమే ఆయనకి ఆడవాళ్ళు అప్పజెప్పేసరికి ఊరుకున్నారు.

నెలకోసారి ఏసుపాదం ఆ బియ్యం అంతా ఒక సంచిలో పోసి, సైకిలు వెనక కట్టుకుని బెజవాడ గవర్నర్‌పేట వెళ్ళేవాడు. ఒక లాడ్జి మేడ మీద పార్టీ ఆఫీసు. అక్కడ ఇస్తే ఓడ మీద వియత్నాం వెళుతుందని తిరుపతిరావు చెప్పాడు. తిరిగొచ్చి పల్లెలో ఇంటింటికీ వెళ్ళి "చేరిందమ్మా" అని చెప్పేవాడు. సంచి మీద నా చేత నల్లదారంతో వియత్నాం అని కుట్టించాడు. ఎవరైనా మధ్యలో కాజేస్తారేమోనని భయం.

పెద్ద దేశాల వ్యవహారం పెద్ద రైతుల వ్యవహారం లాంటిదే, ఇవాళ గట్టు దగ్గర కొట్టుకుంటారు, రేపు వియ్యమందుకుంటారు. బంగ్లాదేశ్ యుద్ధంలో చైనా పాకిస్తాను పక్షాన మాట్లాడింది. జనం అడిగారు. "మన సర్కారు మీద కోపం గాని మన మీద కాదు" అన్నాడు ఏసుపాదం వేదిక మీద. మరుసటేడు అమెరికా అధ్యక్షుడే పెకింగ్ వెళ్ళి విందు తిన్నాడు. వియత్నాం మీద బాంబులు ఆగనే లేదు. నేనే అడిగాను, ఇదేంటి ఏసుపాదం అని. "శత్రువుని ఇంటికి పిలిచి బుద్ధి చెప్పడం రాజనీతండీ, తిరుపతిరావన్న చెప్పాడు" అన్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని నేను గొణుక్కున్నాను, అతను వినలేదు. చెబితే మాత్రం వింటాడా?

డెబ్భై అయిదులో వియత్నాం గెలిచింది. పల్లెలో చర్చి గంట కొట్టారు, దానికి పాస్టరు గారు అభ్యంతరం చెప్పలేదు. ఏసుపాదం నా షాపు ముందు గుమ్మెట వాయిస్తూ గంతులేశాడు. వెంటనే ఎమర్జెన్సీ వచ్చి కథలు ఆగిపోయాయి. బియ్యం మాత్రం ఆగలేదు. ఆపమని ఎవరూ చెప్పలేదు మరి. దేవుడి ముంత ఎవరైనా చెబితే ఆగుతుందా? ఇదీ అంతే అనుకున్నారు ఆ ఆడవాళ్ళు. కాలిపోయిన దేశం కోలుకోవద్దా అనుకున్నాడు ఏసుపాదం.

ఉప్పెన ఏడు వచ్చింది. దివిసీమలో శవాలు, మా వైపు చేలన్నీ నేలకి అంటుకుపోయాయి. పల్లెలో కొంపల పైకప్పులు లేచిపోయాయి. కూలి లేదు, గింజ లేదు. ఏసుపాదం చిన్నకూతురు ఎలిజబెత్ జ్వరంతో మూలుగుతూ గంజి కావాలంది. ఇంట్లో ఉన్న బియ్యమల్లా వియత్నాం ముంతలోవే. సువార్తమ్మ ముంత అందుకోబోతే ఏసుపాదం చెయ్యి పట్టుకున్నాడు. "మనకి గాలి ఒక్కరోజే వచ్చింది, వాళ్ళకి ఏళ్ళ తరబడి నిప్పు కురిసింది. అది వాళ్ళది, ముట్టుకోకు" అన్నాడు. ఆ పూట పిల్లకి గంజి కోసం సువార్తమ్మ మా ఇంటికొచ్చింది. మా ఆవిడ గంజి పోసి పంపి, ఏసుపాదాన్ని మాత్రం నోరారా తిట్టింది.

తర్వాత ఏడు పేపర్లో చిన్న చిన్న వార్తలు వచ్చేవి. చైనా వియత్నాంకి సాయం ఆపేసింది, తన మనుషుల్ని వెనక్కి పిలిపించుకుంది. సరిహద్దులో తగాదాలు. తమ్ముడు కూడా తక్కువ తినలేదు, పక్కనున్న కంబోడియా మీదికి సైన్యాన్ని తోలాడు. ఆ కంబోడియా చైనా చేరదీసిన దేశం. ఇదంతా నేను చదివి వినిపిస్తే ఏసుపాదం నా డబ్బాలో గుండీలు ఏరుతూ, "అన్నదమ్ములన్నాక మాటామాటా వస్తాయండీ" అన్నాడు. అంతలో సర్దుకుంటుందని అతని ధీమా.

డెబ్భై తొమ్మిది ఫిబ్రవరి. మాఘమాసం పెళ్ళిళ్ళ బట్టలతో నేను ఊపిరాడకుండా ఉన్నాను. చేలల్లో మినుము పీకుతున్నారు. ఏసుపాదం పని మానేసి వచ్చి, నా షాపు బల్ల మీద కూర్చుని రంగు వెలిసిన దట్టీకి అంచు వేయించుకుంటున్నాడు. మర్నాటి ఆదివారం కాక పై ఆదివారం పామర్రు సంత దొడ్లో దళం ఆట, చాలా కాలానికి మళ్ళీ వియత్నాం కథ. రేడియోలో వార్తలొచ్చాయి. చైనా సైన్యం సరిహద్దు దాటి వియత్నాంలోకి దిగింది. మన విదేశాంగ మంత్రి ఆ దేశంలో అతిథిగా ఉండగానే ఈ పని చేసింది. బుద్ధి చెప్పడానికి వెళ్ళామని చెప్పుకుంటోంది.

నేను మిషను ఆపాను. ఏసుపాదం రేడియో వైపు చూస్తూనే ఉన్నాడు. వార్తలు అయిపోయి వ్యవసాయదారుల కార్యక్రమం వచ్చింది, మినుముకి పట్టే పురుగు గురించి ఎవరో చెబుతున్నారు, అయినా చూస్తూనే ఉన్నాడు.

"అబద్ధమై ఉంటదండీ" అన్నాడు చివరికి.

"రేడియోవాడికి వియత్నాం మీద అబద్ధం చెబితే ఏమొస్తుందయ్యా?"

దట్టీ మడతపెట్టి చంకలో పెట్టుకుని లేచాడు. "సువార్తకి ఏం చెప్పాలండీ?" అని అడిగాడు. నాకేం తెలుసు? అప్పటికే పల్లెలో కూడా రేడియో ఉంది. అతను ఇల్లు చేరేసరికి సువార్తమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "నువ్వు చెప్పిన పెద్దన్నేనా?" అని మాత్రం అడిగిందట. బెజవాడ వెళ్ళి కనుక్కొస్తానన్నాడు. నెల తిరక్కపోయినా ఉన్న బియ్యం సంచిలో పోసుకుని మరీ వెళ్ళాడు. ఇప్పుడే కదా వాళ్ళకి అవసరం అనుకున్నాడు, పిచ్చి మహారాజు.

బెజవాడలో ఏం జరిగిందో నాకు తర్వాత అతనే చెప్పాడు. ఎప్పుడూ సంచి మెట్ల దగ్గర వంటమనిషి మాణిక్యానికి ఇచ్చి వచ్చేసేవాడు. ఆ రోజు తిరుపతిరావుని కలవాలి కాబట్టి సంచి భుజాన వేసుకుని పైకెక్కాడు. వంటింటి ముందు మాణిక్యం ఎదురొచ్చి, "ముందుగానే తెచ్చావే, మంచిదైంది. పొద్దుటి నుంచి మెస్సులో గింజ లేదు, ఎసరు పెట్టి కూర్చున్నా" అని సంచి అందుకుని, మూతి విప్పి, ఏసుపాదం చూస్తుండగానే చేటలో కుమ్మరించి రాళ్ళేరడం మొదలెట్టాడు.

"అదేంటి మాణిక్యం, అది వియత్నాం బియ్యం!"

మాణిక్యం పాపం మంచివాడే. "ఏ వియత్నామయ్యా? నేనొచ్చిన కాడ్నించీ ఈ బియ్యమే కదా ఆఫీసులో వండేది. మీ పల్లె బియ్యం అన్నం మల్లెపూవులా విచ్చుకుంటుందని అందరూ మెచ్చుకుంటారు కూడాను" అన్నాడు.

లోపల తిరుపతిరావు పేపరు చదువుకుంటున్నాడు. మనిషి బాగా నలిగిపోయి ఉన్నాడట, ఆ మాట ఏసుపాదమే అన్నాడు, జాలిగానే. చైనా సంగతి అడిగితే, "పైనుంచి మాట రాలేదు తమ్ముడూ. వచ్చేదాకా మనం నోరెత్తకూడదు. ఆదివారం వియత్నాం కథ వద్దు, కౌలు రైతు కథ వేద్దాం" అన్నాడు. బియ్యం సంగతి అడిగితే తల దించుకున్నాడు.

"వియత్నాం గెలిచాక ఆ నిధి మూసేశారు. అప్పటి నుంచి ఇక్కడే వాడుతున్నాం. కార్యకర్తలు తినాలి కదా. ఎవరు తిన్నా ప్రజల కోసమే."

"మరి నాకు చెప్పలేదేంటన్నా?"

"చెబితే మీవాళ్ళు ఆపేసేవాళ్ళు కదా తమ్ముడూ."

ఆ మాట చెప్పినప్పుడు ఏసుపాదం ఏడుస్తాడనుకున్నాను, ఏడవలేదు. నా కత్తెర తీసి చూసి మళ్ళీ అక్కడే పెట్టాడు. "ఉప్పెన ఏడు కూడా తెచ్చానండీ. సైకిలు పోయే దారి లేక మోసుకెళ్ళాను. తీసుకున్నారు" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది ఆ పల్లె బతుకు. ఇంట్లో చెప్పావా అంటే తల అడ్డంగా ఊపాడు. ఆదివారం దాకా చెప్పలేనన్నాడు. అసలు ఎలా చెప్పాలో తెలియట్లేదన్నాడు. పల్లెలో అందరికీ చేరిందమ్మా, చేరిందమ్మా అని చెప్పిన నోరు అది. దానికి ఇప్పుడు వేరే మాట ఎలా వస్తుంది?

ఆదివారం సాయంత్రం సంత దొడ్డి నిండిపోయింది. రేడియో మహిమ. కథ కోసం వచ్చినవాళ్ళు కొందరు, ఎర్రజెండావాళ్ళు ఏం చెబుతారో చూసి నవ్వుదామని వచ్చినవాళ్ళు కొందరు. ముందు వరసలో చాపల మీద పల్లె ఆడవాళ్ళు, మధ్యలో సువార్తమ్మ. తిరుపతిరావు వేళ్ళకున్న అందెలు మోగించి, ఇవాళ కౌలు రైతు కథ అని మొదలెట్టాడు. రెండు చరణాలు నడిచాయో లేదో వెనక నుంచి ఎవరో అరిచారు. "వియత్నాం కథేదండీ? దట్టీ ముక్క చూపించండి!" ఇంకొకడు అందుకున్నాడు. "పెద్దన్న ఏమయ్యాడండీ? తమ్ముడి నడుముకి కట్టిన దట్టీ మెడకి బిగించాడా?" దొడ్డంతా గొల్లుమంది.

తిరుపతిరావు తంబురా దించాడు. చెమట తుడుచుకున్నాడు. "అయ్యా, ఆ దట్టీ వ్యవహారం కథలో లేదు. అది మా ఏసుపాదం గారి సొంత కల్పన. దానికీ దళానికీ సంబంధం లేదు, వారినే అడగండి" అన్నాడు నవ్వుతూ.

ఏసుపాదం గారట! పొయ్యి పక్కన పీట వేసుకు తిన్న నాటి నుంచీ తమ్ముడూ అని తప్ప పిలవని మనిషి, జనం ముందు గారు తగిలించి అతన్ని తన పక్క నుంచి తోసేశాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు. నేను వెనకబల్ల మీంచి లేచి నిలబడ్డాను, ఏం చేద్దామనో నాకే తెలియదు. జనం ఏసుపాదాన్ని చూసి ఈలలు వేస్తున్నారు. ఇశ్రాయేలు నవ్వించాల్సినవాడు నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

ఏసుపాదం చెయ్యెత్తాడు.

"అన్నా, నాదొక సందేహం."

ఈలలు ఆగాయి. కథ ఎరిగిన జనం కదా, ఆ మాట అన్నాక ఆగాలని చిన్నపిల్లలకి కూడా తెలుసు.

"పెద్దన్న తమ్ముడి కొంప మీద పడ్డాడు. పడ్డాడా, లేదా?"

తిరుపతిరావు పెదాలు కదిపాడు గాని మాట రాలేదు. పైనుంచి రాని మాట అతని నోట్లోకి ఎలా వస్తుంది?

"అన్నా, నాదింకో సందేహం. మా పల్లె ఆడోళ్ళు పొయ్యి మీది కూటిలోంచి పిడికెడు పిడికెడు తీశారు. వియత్నాం గెలిచాక కూడా తీశారు. ఉప్పెనలో పిల్లలకి గంజి లేనప్పుడు కూడా తీశారు. ఆ బియ్యం ఎవరు తిన్నారన్నా?"

చాపల మీద కలకలం లేచింది. సువార్తమ్మ మాత్రం కదల్లేదు, మొగుడి మొహంలోకే చూస్తోంది. తిరుపతిరావు ఆమె వైపు ఒక్కసారి చూశాడు. ఆ పులుసు గుర్తొచ్చిందో లేదో నాకు తెలియదు. గబుక్కున తంబురా భుజాన వేసుకుని, అందెలు మోగించి, కౌలు రైతు చరణం ఎత్తుకున్నాడు. చరణం పూర్తయి వంత కోసం ఇటు తిరిగాడు. ఇశ్రాయేలు అలవాటుగా "తందా" అని, ఏసుపాదాన్ని చూసి మింగేశాడు. ఏసుపాదం గుమ్మెట కింద పెట్టి చేతులు కట్టుకున్నాడు. తిరుపతిరావు అదే చరణం మళ్ళీ పాడాడు. ఇంకోసారి పాడాడు. మంచి గొంతే, కానీ వంత లేని బుర్రకథ వినడానికి ఎంత సిగ్గుగా ఉంటుందో ఆ రోజే తెలిసింది. చివరికి మైకు సెట్టువాడు జాలిపడి సినిమా పాట పెట్టాడు.

పల్లెకి తిరిగి వెళ్ళేటప్పుడు సువార్తమ్మ ముందు నడిచింది, ఏసుపాదం వెనక. ఇంటికెళ్ళి వియత్నాం ముంత తీసి కంచె కర్రకి బోర్లించింది. అప్పుడంది. "ఉప్పెన అప్పుడు నా చెయ్యి పట్టుకున్నావు." మర్నాడు ఇంటింటికీ వెళ్ళి, చేరలేదమ్మా అని చెప్పి వచ్చాడు. ఒకరిద్దరు తిట్టారు. ఎక్కువమంది ఏమీ అనలేదు, అదే ఎక్కువ కష్టమైందన్నాడు నాతో.

మార్చి గడిచేలోగా చైనా సైన్యం వెనక్కి వెళ్ళిపోయింది. పాఠం చెప్పడం అయిపోయిందని ప్రకటించుకుంది. ఎవరికి చెప్పారో, ఎవరు నేర్చుకున్నారో! ఏసుపాదం గుమ్మెట ముట్టలేదు. ఇంట్లో చూరుకి వేలాడుతూ ఉండేది. తిరుపతిరావు మనిషిని పంపలేదు, తను రాలేదు. దళంలోకి ఇంకో వంతని తీసుకున్నారని విన్నాం. చైనా మోసం చేస్తే దేశాల మధ్య సంగతి అని ఓర్చుకునేవాణ్ణండీ, ఈయన మా పీట మీద కూర్చున్నాడే అని ఒకసారి అన్నాడు ఏసుపాదం. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఈస్టరు ముందు పల్లె పిల్లలకి కుట్టిన గౌన్లు ఇవ్వడానికి వెళ్ళాను. ఏసుపాదం నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. సువార్తమ్మ గౌను పట్టుకుని ఎలిజబెత్ భుజాలకి కొలత చూస్తోంది. అప్పుడు సైకిలు మీద ఎవరో దిగాడు. తెల్లచొక్కా, బెజవాడ వాలకం, మర్యాదస్తుడే. హ్యాండిలుకి ఖాళీ సంచి తగిలించి ఉంది. నేను కుట్టిన నల్లదారం అక్షరాలు దూరం నుంచే గుర్తుపట్టాను.

"నమస్కారమండీ. ఆఫీసు నుంచి వచ్చానండీ. ఈ మధ్య మీరు రావడం లేదని పంపించారు. వియత్నాం బియ్యం..." అన్నాడు.

అతను మా మొహాలు చూసి ఇంకో మాట కలిపాడు. "చైనా వెనక్కి వెళ్ళిపోయింది కదండీ, అంతా సర్దుకుంది."

సువార్తమ్మ గౌను మడతపెట్టి నా చేతికిచ్చింది. కంచె దగ్గరికి వెళ్ళి, కర్ర మీద బోర్లించిన ముంత తీసి, అతని ముందు పెట్టి అడిగింది.

"ఏ వియత్నామయ్యా? చైనా కొట్టిన వియత్నామా, మీరు తిన్న వియత్నామా?"

"తందాన తానా" అన్నాడు మంచం మీంచి ఏసుపాదం.

సంత దొడ్లో ఆ రోజు పలకని వంత, అంత గొంతుతోనూ. నాకు నవ్వాగలేదు, పగలబడి నవ్వాను. నవ్వుతూ అతని వైపు తిరిగాను. అతను మొహం రెండు చేతుల్లో దాచుకుని ఏడుస్తున్నాడు.